నూన్ అంటే ఎన్నింటికి?

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తర్వాతి వారం మాటిది. మాఘంలో మా మావగారి తద్దినం వస్తుంది. ఊళ్ళో ఉన్న చుట్టాలందరికీ వాట్సాప్‌లో కబురు పెట్టమని మా వారు అమ్మాయికి చెప్పారు. అది ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. తెలుగులో టైపు చెయ్యమంటే దానికి ఎక్కడలేని బద్ధకం. ఇంగ్లీషులో టకటకా కొట్టేసి, పంపే ముందు ఓసారి పైకి చదివింది. ఫలానా రోజున అందరూ నూన్ కల్లా వచ్చెయ్యండి అని దాని సారాంశం.

సోఫాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు తలెత్తి, "నూన్ అంటే ఎన్నింటికే?" అన్నారు.

"పన్నెండు బామ్మా."

"పన్నెండింటికొచ్చి ఏం చేస్తారు? భోక్తలు లేచేసరికి మూడవుతుంది కదా."

"అయితే మనింట్లో మూడింటినే నూన్ అనాలన్నమాట," అని నవ్వి అది సందేశం పంపించేసింది.

అది వేళాకోళానికి అన్న మాట. నాకు మాత్రం మూడు అన్న మాట వినగానే గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెప్తాను. ముందు ఆ రాత్రి జరిగింది చెప్పనివ్వండి. బీఏలో తెలుగు చదివినదాన్ని, ఏ మాటైనా చెవిలో పడితే దాని పుట్టుక ఏమిటా అని వెతికే జబ్బు నాకు ఇంకా పోలేదు. వంటిల్లు సర్దుకున్నాక నూన్ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దామని నిఘంటువు తెరిచాను. చూస్తే ఏముంది, మా అమ్మాయి నవ్వులాటకి అన్నది వెయ్యేళ్ళ కిందట అక్షరాలా నిజం. పాత ఇంగ్లీషులో నూన్ అంటే పన్నెండు కాదు, మధ్యాహ్నం మూడు గంటలే!

ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది. నోనా హోరా అంటే తొమ్మిదో గంట. హోరా రాలిపోయి నోనా ఒక్కటే మిగిలింది. అది పాత ఇంగ్లీషులో నోన్ అయి, తర్వాత నూన్ అయింది. తొమ్మిదో గంట మూడెలా అవుతుందని మీరు అడుగుతారు. నేనూ అక్కడే ఆగాను. రోమన్లు పగటిని సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా 12 భాగాలు చేసేవారు. పొద్దు పొడవగానే మొదటి గంట మొదలు. ఆరో గంట నిండేసరికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఇంకో మూడు గంటలు పోతే తొమ్మిది. ఆరింటికి తెల్లవారే రోజుల్లో అయితే అది మన గడియారంలో మూడు.

వాళ్ళ గంటలకి మన గంటల్లా ఒకే కొలత లేదు. వేసవిలో పగలు పెద్దది కాబట్టి గంటా పెద్దదే. చలికాలంలో పగటితోపాటు గంట కూడా ముడుచుకుపోయేది. రోమ్ నగరంలో నడివేసవి గంట మన లెక్కలో 75 నిమిషాలకి కాస్త ఎక్కువ, చలికాలం గంట 45 నిమిషాలు. ఇది చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. మన పంచాంగంలో రాహుకాలం పగటి పొడుగుని బట్టి కాస్త కాస్త జరుగుతూ ఉండటం చూస్తున్నవాళ్ళమే కదా.

హోరా అన్న మాట దగ్గర కూడా కాసేపు ఆగాలనిపిస్తుంది. మన జ్యోతిషంలో శుక్రహోర, గురుహోర అంటాం చూడండి, ఆ హోర, ఇంగ్లీషు అవర్, లాటిన్ హోరా అన్నీ ఒక్కటే. గ్రీకుల నుంచి అటు లాటిన్‌లోకీ ఇటు సంస్కృతంలోకీ వెళ్ళింది. అహోరాత్రం అనే మాటలో ముందు అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోరా వస్తుందని కొందరంటారని వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ప్రస్తావించాడు. వ్యుత్పత్తి నిజం కాకపోయినా ఎంత అందంగా ఉందో! ఇక నోనా అంటే తొమ్మిదోది. లాటిన్‌లో తొమ్మిది నోవెమ్, సంస్కృతంలో నవ. రెండూ ఒకే తల్లి పిల్లలు. కాబట్టి నూన్, నవమి అక్కచెల్లెళ్ళ వరస. భద్రాచలంలో శ్రీరామనవమినాడు సరిగ్గా మిట్టమధ్యాహ్నం, అభిజిత్ లగ్నంలో సీతారాముల కల్యాణం జరుగుతుంది. ఏటా టీవీలో చూస్తూనే ఉంటాను, ఆ వేళకి ఈ అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే పందిట్లో ఉంటారని మాత్రం ఇన్నాళ్ళూ తెలీదు.

ఈ తొమ్మిదికి ఉన్నచోట ఉండే అలవాటు లేదనుకుంటాను. నవంబరు చూడండి, పేరులో తొమ్మిది, స్థానం పదకొండు. రోమన్ల ఏడాది పూర్వం మార్చితో మొదలయ్యేది కాబట్టి అప్పుడది తొమ్మిదో నెల. ఏడాది మొదలు జనవరికి మారినా పేరు అలాగే ఉండిపోయింది. నూన్ సంగతి ఇంకో రకం. అక్కడ పేరు పట్టుకుని వేళే నడిచింది, మూడు నుంచి పన్నెండుకి.

ఎందుకు నడిచింది అన్నది చెప్పే ముందు, నా గుండె ఎందుకు కలుక్కుమందో చెప్పాలి.

రెండేళ్ళ కిందటి తద్దినం. మా ఇంట్లో పద్ధతి మీలో చాలామందికి తెలిసినదే. తెల్లవారుజామున లేచి తలస్నానం, మడి. గారెలు, పరమాన్నం, నువ్వులుండలు, అరటికాయ కూర, కంద, పెసరపచ్చడి. రుచి చూడకుండా వండాలి, వాసన కూడా చూడకూడదు. భోక్తలు తిని లేచి, పిండప్రదానం అయ్యాక గాని ఇంట్లోవాళ్ళు తినకూడదు. ఆ ఏడు పురోహితుడుగారికి మాకంటే ముందు ఇంకో ఇంట్లో కార్యక్రమం ఉంది, ఆయన వచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది. ఆయన్ని అనడానికీ లేదు, ఆ తిథినాడు ఎంతమందికని చేస్తారు! మా అత్తగారికి డెబ్భై నాలుగేళ్ళు. షుగరు. పొద్దున్నే అలవాటుగా మాత్ర వేసుకున్నారు, కాఫీ కూడా తాగలేదు. నేను వంట హడావిడిలో అడగలేదు.

మూడు కొడుతూండగా వడ్డన మధ్యలో అమ్మాయి కేక వేసింది. వెళ్ళి చూస్తే ఆవిడ గోడకి జారగిలబడి ఉన్నారు, ఒళ్ళంతా చల్లని చెమట, మాట ముద్దగా వస్తోంది. మిషన్‌తో చూస్తే 52. పంచదార నీళ్ళు కలిపి నేనే తాగించాను. పావుగంటకి తేరుకున్నారు. తేరుకోగానే ఆవిడన్న మొదటి మాట, "భోక్తలు ఇంకా లేవలేదు కదే, నా నోట్లో పంచదార పోశావా?" అంతే, ఏడ్చేశారు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ జరగనిది ఆ రోజు జరిగిందని. నాకూ ఏడుపొచ్చింది, కాని వేరే కారణానికి.

ఆ మరుసటి ఏడు వేళ కాస్త ముందుకి జరుపుదామని మా వారంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ వేళ మనం పెట్టింది కాదు, మార్చడానికి మనమెవరం?" అన్నారు. మాత్ర మానేసి, కూర్చునే గడిపారు. ఆ రోజంతా నేను పది నిమిషాలకోసారి వంటింట్లోంచి తొంగి చూస్తూనే ఉన్నాను. ఈ ఏడు మళ్ళీ ఆ రోజు వస్తోంది. అలాంటప్పుడు నిఘంటువులో ఈ తొమ్మిదో గంట కనిపించింది. ఇంక నిద్రేం పడుతుంది!

సరే, అటు వెళ్దాం. తొమ్మిదో గంట యూరప్‌లో మామూలు వేళ కాదు, అది ప్రార్థన వేళ. మార్కు సువార్తలో ఏసును సిలువ వేసింది మూడో గంటకి, ఆరో గంట నుంచి తొమ్మిదో గంట దాకా చీకటి కమ్మింది, తొమ్మిదో గంటకి ఆయన ప్రాణం విడిచాడు. ఇప్పటికీ గుడ్ ఫ్రైడేనాడు మన చర్చిల్లో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన చేసేది అందుకే. క్రైస్తవ మఠాల్లో పగటిపూట ప్రార్థనలకి పేర్లే అంకెలు: ఒకటో గంట, మూడో గంట, ఆరో గంట, తొమ్మిదో గంట. చూశారా, మూడేసి గంటల ఎడం. మన జాము కూడా మూడు గంటలే. మన అమ్మమ్మలు రెండు జాముల పొద్దెక్కింది అన్నప్పుడు, అక్కడి సన్యాసి ఆరో గంట ప్రార్థనకి వెళ్తూ ఉంటాడన్నమాట. ఆ తర్వాత జాము దాటితే నోనా.

ఆ మఠాల బతుక్కి ఒక పద్ధతి రాసిపెట్టినవాడు బెనెడిక్ట్ అనే సన్యాసి. ఇటలీలో మోంటే కసీనో కొండ మీద మఠం పెట్టి, సుమారు 530 ప్రాంతంలో నియమావళి రాశాడు. అందులో 41వ అధ్యాయం అంతా భోజనం ఎన్నింటికి అన్నదే. నాకు అన్నిటికంటే నచ్చిందది. ఈస్టర్ నుంచి పెంతెకొస్తు దాకా ఆరో గంటకి భోజనం, సాయంత్రం ఇంకోసారి. వేసవిలో బుధ, శుక్రవారాలు తొమ్మిదో గంట దాకా ఉపవాసం. సెప్టెంబరు నడిమి నుంచి లెంట్ దాకా రోజూ ఒంటిపూటే, తొమ్మిదో గంటకే. లెంట్ నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన అయ్యాక, కాని దీపం పెట్టే అవసరం రాకుండా వెలుగుండగానే తినెయ్యాలి.

ఇంత కట్టుదిట్టంగా రాసినవాడు పక్కనే ఇంకో మాట రాశాడు. వేసవిలో పొలం పని ఉన్నా, ఎండలు మండిపోతున్నా ఆ బుధ శుక్రవారాల ఉపవాసం అక్కర్లేదు, ఆరో గంటకే పెట్టెయ్యండి అన్నాడు. అది మఠాధిపతి చూసుకోవాలి, ఎవరూ సణుక్కునే పరిస్థితి రాకూడదు అన్నాడు. ఇంకో అధ్యాయంలో, వేసవిలో తొమ్మిదో గంట ప్రార్థనని కొంచెం ముందుగా, ఎనిమిదో గంట సగంలోనే చెయ్యమన్నాడు. అంటే నూన్‌ని మూడు నుంచి మొదట కదిలించిన చెయ్యి ఆయనదే అనుకోవచ్చు. జరిపింది ఓ గంటకి కాస్త అటూ ఇటూ, అంతే. పదిమందికి రోజూ వండి పెట్టినవాడే ఇలా రాయగలడని నా అభిప్రాయం.

అక్కణ్ణుంచి ఆ వేళ మెల్లమెల్లగా ముందుకి జరుగుతూ పోయింది. ఎవరూ శాసనం చెయ్యలేదు. ఇంగ్లండులో 12వ శతాబ్దంలో మొదలైన ఈ జరుగుడు 14వ శతాబ్దానికి పూర్తయింది. నూన్ అంటే నడిపొద్దు అని స్థిరపడిపోయింది. దీనికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. ఉత్తరదేశాల్లో చలికాలం పగలు మరీ చిన్నది, తొమ్మిదో గంటకీ ఆరో గంటకీ ఎడమే తక్కువ. మబ్బు పడితే ఎండ గడియారాలు పనిచెయ్యవు. మూడో కారణం, ఉపవాసం ఉన్నవాళ్ళకి నోనా గంట కొడితేగాని అన్నం లేదు. గంట కొట్టేవాడు కూడా ఆకలితోనే ఉన్నాడు. మీరేమంటారో గాని నేనైతే మూడో దానికే ఓటేస్తాను.

నేను ఊరికే అనడం లేదు, దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. లెంట్‌లో సాయంత్రం ప్రార్థన అయ్యాకే తినాలని చెప్పానా? కాలం గడిచేకొద్దీ సాయంత్రం దాకా ఉండటం కష్టమైంది. పద్ధతి తప్పితే పాపం. మరేం చేశారంటే, సాయంత్రం చెయ్యాల్సిన ప్రార్థనని పొద్దున్న పన్నెండు లోపే చేసేసి భోజనానికి కూర్చునేవారు. నియమం అక్షరం పొల్లుపోలేదు, సాయంత్రం ప్రార్థన తర్వాతే తిన్నారు. సాయంత్రమే పాపం పన్నెండింటికి రావలసి వచ్చింది! ఈ ఏర్పాటు కొన్ని వందల ఏళ్ళు నడిచింది. చదువుతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఏకాదశి ఉపవాసమని చెప్పి ఉప్మా, పెసరట్టు, పళ్ళు, పాలు కానిచ్చే మనకి ఆ సన్యాసుల్ని వెక్కిరించే హక్కు లేదు.

అప్పటి పెద్దవాళ్ళు ఈ మార్పుని గమనించకపోలేదు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, ఉపవాసం ఉన్నవాళ్ళు తొమ్మిదో గంట ప్రాంతంలో తినడమే తగినదని వాదించాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే 1300ల మొదట్లో ఇటలీ కవి డాంటే, నోనా గంట ఏడో గంట మొదట్లో మోగాలని, అంటే నడిపొద్దు దాటగానే మోగాలని, తన కాన్వీవియో అనే పుస్తకంలో రాశాడు. రోజులో అన్నిటికంటే శ్రేష్ఠమైన వేళ నడిపొద్దు అని ఆయన కారణం. కవులు అలాగే చెబుతారు లెండి, ఆకలేసింది అనరు.

మాట మూడింటి దగ్గరే ఉండిపోయిన చోటు కూడా ఒకటుంది. ఐస్‌లాండ్ వాళ్ళ భాషలో నోన్ అంటే ఇప్పటికీ మధ్యాహ్నం మూడే. ఇంగ్లండు పక్కనే ఉన్న వేల్స్ భాషలో మధ్యాహ్నం తర్వాతి వేళని ప్రిన్‌హౌన్ అంటారు, అందులో చివరి ముక్క ఈ నోనాయే. స్పెయిన్ వాళ్ళేమో ఆరో గంటని, అంటే సెక్స్‌తాని పట్టుకున్నారు. ఆ వేళకి ఎండ భరించలేక పడుకునేవారు, దాని పేరే సియెస్తా. బెనెడిక్ట్ కూడా వేసవిలో ఆరో గంట భోజనం అయ్యాక సన్యాసులు మాట్లాడకుండా పడకల మీద విశ్రాంతి తీసుకోవాలని రాశాడు. మా వారి ఆదివారం కునుక్కి ఇంత చరిత్ర ఉందని ఆయనకి చెప్పలేదు, చెబితే ఇంక లేవరు.

ఇంగ్లీషులో నూన్ వేళ పనివాళ్ళకి ఇచ్చే కాస్త పానీయాన్ని నన్షన్ అనేవారు, నూన్‌కీ పొయ్యడం అనే అర్థం ఉన్న పాత మాటకీ కలిసిన సమాసం అది. రాను రాను అది చిరుతిండి పేరైంది. లంచన్ అన్న మాట ఆ రూపం దిద్దుకోవడంలో దీని ప్రభావం ఉందని అంటారు. ఆ లంచన్ తోక తెగ్గొట్టుకుని ఇప్పుడు మన నోళ్ళలో లంచ్ అయింది. ఇంకో వింత, 17వ శతాబ్దంలో కొందరు ఇంగ్లీషు రచయితలు అర్ధరాత్రిని రాత్రి తాలూకు నూన్ అని కూడా రాశారు. మూడింటి మాట పన్నెండుకొచ్చింది చాలక రాత్రి పన్నెండు దాకా పోయింది.

మరి మన మధ్యాహ్నం? ఇది నన్ను నిజంగా ఆపేసిన సంగతి. మధ్య, అహ్నం. అహ్నం అంటే పగలు. పగటి నడిమి. సంస్కృతంలో పగటిని ఐదు భాగాలు చేస్తారు: ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గూకే రోజున ఒక్కో భాగం రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఆ లెక్కన మధ్యాహ్నం పది నలభై ఎనిమిదికి మొదలై ఒంటిగంట పన్నెండుకి అయిపోవాలి. మనం మధ్యాహ్నం మూడింటికి రండి అంటాం, నాలుగింటికి కూడా అంటాం. నడిపొద్దునే చెప్పాలంటే ముందు మిట్ట తగిలించి మిట్టమధ్యాహ్నం అనాల్సి వస్తోంది. వాళ్ళ మూడింటి మాట నడిపొద్దుకి నడిచొస్తే, మన నడిపొద్దు మాట మూడింటి దాకా సాగిపోయింది. దారిలో రెండూ ఎదురుపడే ఉంటాయి.

ఈ వేళలన్నీ ఇలా జరగ్గలిగింది గడియారాలు లేని రోజుల్లో. 14వ శతాబ్దంలో యూరప్ ఊళ్ళలో పళ్ళచక్రాల గడియారాలు వచ్చాయి. ఇంగ్లండులో సాల్స్‌బరీ చర్చిలో ఉన్నది 1386 నాటిదని చెబుతారు. దానికి ముఖమే లేదు, ముళ్ళు లేవు, గంట కొట్టడమే దాని పని. క్లాక్ అన్న మాటకి అసలు అర్థం కూడా గంటే, గుళ్ళో మోగే గంట. మన తెలుగులోనూ మోగేదీ గంటే, అరవై నిమిషాలూ గంటే. గడియారం వచ్చాక గంటలన్నీ ఒకే పొడుగు అయ్యాయి, నూన్ పన్నెండు మీద మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

ఉండిపోయిందా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. ఆ గీత మా అత్తగారి పుట్టిల్లు కాకినాడ దగ్గరగా పోతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. కాబట్టి కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పావుగంటకి గాని మా బాల్కనీ మీదికి రాడు. పైగా సూర్యుడు ఏడాది పొడుగునా గడియారంతో సరిగ్గా నడవడు, మాఘమాసం రోజుల్లో ఇంకో పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. మొత్తం కలిపితే మావగారి తద్దినం నాటికి హైదరాబాదులో అసలైన నడిపొద్దు గడియారంలో సుమారు పన్నెండున్నర.

ఇదంతా ఒక మధ్యాహ్నం మా అత్తగారికి చెప్పాను, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. సన్యాసులు సాయంత్రం ప్రార్థన పొద్దున్నే చేసేశారంటే పకపకా నవ్వారు. బెనెడిక్ట్ ఎండల మాట చెబితే, "ఆయనెవరో మంచివాడే," అన్నారు. ఇదే సమయమని, "మనం కూడా కాస్త ముందుకి..." అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఏమీ అనలేదు. చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని, "మీ మావగారు వాళ్ళ నాన్నగారి తద్దినానికి మూడింటి దాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదు. నేను పక్కన ఉండేదాన్ని. ఇప్పుడు ఆయన కోసం నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. వంట నువ్వు చేస్తున్నావు, మంత్రం వాడు చెబుతున్నాడు. ఏడాదికి ఒక్కపూట ఆకలేస్తే, ఆయన గుర్తొస్తే, నాకు బాగుంటుందే," అన్నారు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్ళూ నేను దాన్ని చాదస్తం అనుకున్నాను. రోమ్ నుంచి సాల్స్‌బరీ దాకా తిరిగొచ్చినదాన్ని, పక్కగదిలో ఉన్న మనిషి ఆకలి ఏమిటో అడగలేదు. ఈనెలన్నీ తీసేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండు రోజుల తర్వాత ఆవిడే పురోహితుడుగారికి ఫోను చేయించుకుని మాట్లాడారు. నేను వంటింట్లోంచి సగమే విన్నాను. తద్దినానికి అపరాహ్ణం ముఖ్యమే, కాని పగటి పదిహేను ముహూర్తాల్లో ఎనిమిదోది కుతపం, మొదలుపెట్టడానికి అది మంచి వేళ అని శాస్త్రంలోనే ఉందిట. పగటికి సరిగ్గా నడుమ ఉండే ముహూర్తం అది. రాముడి పెళ్ళికి అభిజిత్ అన్నదీ, పితృదేవతలకి కుతపం అన్నదీ ఒకే ఎనిమిదో ముహూర్తం. ఆ రోజు లెక్కన పన్నెండూ పదికి మొదలుపెట్టి, ఒంటిగంటా నలభైకి అపరాహ్ణం రాగానే భోక్తలకి వడ్డిస్తే ఏ లోపమూ లేదన్నారు. ఆవిడ ఫోను పెట్టేసి, "మనమేం మార్చలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళే ఆలస్యంగా వస్తున్నారు," అని ప్రకటించారు. డాక్టరు గారిని కూడా అడిగాం. ఆ పూట మాత్ర తిన్నాకే వేసుకోమన్నారు, కళ్ళు తిరిగితే మొహమాటపడకుండా వెంటనే పంచదార తీసుకోమన్నారు. అత్తగారు ఆ రెండో మాట విననట్టు ఊరుకున్నారు.

తద్దినం రోజు పురోహితుడుగారు చెప్పిన వేళకే వచ్చారు. ఆవిడ మాత్రం పన్నెండు నుంచి బాల్కనీలో కుర్చీ వేసుకుని గ్రిల్లు నీడ చూస్తూ కూర్చున్నారు. కాఫీ తాగలేదు. మంచినీళ్ళు మాత్రం నేను ఇస్తే కాదనలేదు. భోక్తలు లేచి, పిండాలు అయ్యి, కాకికి పెట్టి వచ్చేసరికి అందరికీ ఆకులు వేశాం. మొదటి ఆకు ఆవిడది. గారె తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఎన్నయిందే?" అని మనవరాలిని అడిగారు.

"రెండుంబావు బామ్మా."

"అయితే ఇంకా నూన్ కాలేదన్నమాట," అని గారె నోట్లో పెట్టుకున్నారు.